ఒకే ప్లాస్మిడ్‌కి జెల్ మీద ఇన్ని బ్యాండ్లా? ఇవన్నీ డీఎన్‌ఏ రకాలేనా?

జీవరసాయనం_పీజీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పీయూసీ19 ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో క్రోమోజోముకి బయట ఉండే చిన్న వలయ డీఎన్‌ఏ, 2,686 బేస్ జతలు) మినీప్రెప్ (కొద్ది కల్చర్ నుంచి ప్లాస్మిడ్ వేరుచేయడం) గురించి రెండు సందేహాలు. ఎలాగూ అడుగుతారు కాబట్టి వివరాలన్నీ ముందే పెడుతున్నాను.

హోస్ట్ డీహెచ్5ఆల్ఫా (ఇ. కోలై బ్యాక్టీరియాలో ఒక రకం). ఎల్‌బీలో యాంపిసిలిన్ మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా షేకర్ మీద. 1.5 మి.లీ. కల్చర్ పెల్లెట్ చేసి, సొల్యూషన్ 1 (గ్లూకోజ్, ట్రిస్, ఈడీటీఏ) 100 మైక్రోలీటర్లు వేశాను. ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏని తెంపే ఎంజైము) కలపలేదు. తర్వాత సొల్యూషన్ 2 (0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, 1 శాతం ఎస్‌డీఎస్) 200 మైక్రోలీటర్లు. ఒకేసారి 12 ట్యూబులు. గడ్డలుగా ఉన్నవాటిని వోర్టెక్స్ చేశాను. సొల్యూషన్ 3 (పొటాషియం అసిటేట్) 150 మైక్రోలీటర్లు వేయడానికి మళ్లీ మొదటి ట్యూబు దగ్గరికి వచ్చేసరికి సుమారు పన్నెండు నిమిషాలైంది. ఆ పైన స్పిన్, ఇథనాల్, 70 శాతం వాష్, చివరికి 50 మైక్రోలీటర్ల టీఈలో కరిగించాను.

నానోడ్రాప్ (కాంతి పీల్పుని బట్టి డీఎన్‌ఏ కొలిచే యంత్రం) రీడింగ్ మైక్రోలీటరుకి 620 నానోగ్రాములు, 260/280 నిష్పత్తి 2.03.

జెల్ 1 శాతం అగరోజ్, 1ఎక్స్ టీఏఈ, ఎథిడియం బ్రోమైడ్ (డీఎన్‌ఏని వెలిగించి చూపే రంగు) జెల్‌లోనే మి.లీ.కి 0.5 మైక్రోగ్రాము, సెంటీమీటరుకి 5 వోల్టులు.

కట్ చేయని లేన్‌లో పైనుంచి కిందికి: బావి (నమూనా పోసే గుంట) కిందే మసకగా ఒకటి, ల్యాడర్‌లో (తెలిసిన పొడవుల డీఎన్‌ఏ ముక్కల కొలబద్ద) 4 కేబీకి (కేబీ అంటే వెయ్యి జతలు) దగ్గర్లో ఒకటి, 2.7 దగ్గర సన్నగా ఒకటి, 2 కేబీ దగ్గర బాగా వెలుగుతూ ఒకటి, దానికి కొంచెం కింద ఇంకో మసక బ్యాండు, అట్టడుగున పొగలాంటి మచ్చ. ఎకోఆర్‌వన్‌తో (ఒక ప్రత్యేక వరస ఉన్న చోటే డీఎన్‌ఏని కోసే ఎంజైము) గంటసేపు కట్ చేసిన లేన్‌లో 2.7 దగ్గర ఒకే గట్టి బ్యాండు. బావి కిందది, 4 కేబీది, 2 కేబీది పోయాయి. ఆ కింది మసక బ్యాండు, అడుగున మచ్చ మాత్రం అలాగే ఉన్నాయి.

మొదటి సందేహం: ఈ ఆరింటిలో ఏది ఏమిటి? రెండోది: ఒక పుస్తకంలో డీఎన్‌ఏ రకాలంటే ఎ, బి, జెడ్ అని ఉంది. ఇంకో దాంట్లో కేంద్రక, మైటోకాండ్రియా, హరితరేణువు, ప్లాస్మిడ్ డీఎన్‌ఏ అని ఉంది. మూడో దాంట్లో సరళ, వలయ అని. పరీక్షలో "కణంలో డీఎన్‌ఏ రకాలు" అంటే ఏది రాయాలి? జెల్‌లో కనిపించేవి ఎ, బి, జెడ్ రూపాలేనా?

---

కుండలి

చివరి ప్రశ్నకి ముందు జవాబు: కావు. మీ జెల్‌లో ఉన్న ప్లాస్మిడ్ డీఎన్‌ఏ దాదాపు అంతా బి రూపమే. ఆ మూడు పుస్తకాలూ తప్పు చెప్పడం లేదు, మూడూ మూడు వేరే ప్రశ్నలకి జవాబిస్తున్నాయి. కుండలి ఆకారం ఎలా ఉంది అన్నది ఒకటి (ఎ, బి, జెడ్). అణువుకి చివర్లు ఉన్నాయా లేవా, మెలి ఎంత అన్నది ఇంకొకటి (సరళ, వలయ, సూపర్‌కాయిల్డ్ అంటే తన మీద తనే మెలిపడిన వలయం). కణంలో ఎక్కడ ఉంటుంది అన్నది మూడోది. మీ ప్లాస్మిడ్ ఒకే సమయంలో "బి రూపం, వలయం, క్రోమోజోముకి బయట" అన్నమాట. జెల్ చూపించేది ఆ రెండో సంగతినే.

నిర్మాణం దగ్గర్నుంచి చూస్తే మిగతాది దానంతటదే అర్థమవుతుంది. ఒక పోగు అంటే డీఆక్సీరైబోస్ చక్కెర, ఫాస్ఫేటు ఒకదాని తర్వాత ఒకటిగా సాగే వెన్ను. ఒక చక్కెర 3 ప్రైమ్ కార్బన్‌నీ పక్క చక్కెర 5 ప్రైమ్ కార్బన్‌నీ ఫాస్ఫోడైఎస్టర్ బంధం కలుపుతుంది. 1 ప్రైమ్ కార్బన్ మీద క్షారం. రెండో పోగు ఎదురు దిశలో నడుస్తుంది. ఎ, టి మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, జి, సి మధ్య మూడు. కుండలిని నిలబెట్టేది హైడ్రోజన్ బంధాలొక్కటే అని రాసేస్తుంటారు గానీ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే క్షారాల మధ్య స్టాకింగ్ బలం వాటా ఇంకా పెద్దది. హైడ్రోజన్ బంధాల అసలు పని ఎవరికి ఎవరు జత అన్నది ఖాయం చేయడం.

ద్రావణంలో బి రూపానికి ఒక చుట్టుకి సుమారు 10.5 జతలు. పీయూసీ19కి 2,686ని 10.5తో భాగిస్తే దాదాపు 256 చుట్లు. వలయం మూసుకుని ఉంటే ఒక పోగు రెండోదాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క, అంటే లింకింగ్ నంబర్, ఏదో ఒక బంధం తెగితే తప్ప మారదు. ఇ. కోలైలో డీఎన్‌ఏ గైరేజ్ ఏటీపీ ఖర్చుపెట్టి ఈ సంఖ్యని తగ్గిస్తుంది. బయటికి తీసిన ప్లాస్మిడ్‌లో లోటు మామూలుగా 6 శాతం దగ్గర ఉంటుంది. అంటే 256 ఉండాల్సిన చోట సుమారు 241. ఆ పదిహేను చుట్ల లోటు అణువుని తన మీద తనే మెలిపడేలా చేస్తుంది. పురికొసని పురి విప్పే దిక్కుకి తిప్పి, రెండు చివర్లూ ముడేసి వదిలితే ముడతలు పడుతుంది చూడండి, అదే.

ఇప్పుడు దీంట్లో మొత్తం 5,372 ఫాస్ఫోడైఎస్టర్ బంధాలున్నాయి, పోగుకి 2,686 చొప్పున. వాటిలో ఏ ఒక్కటి తెగినా చాలు, ఆ పోగు రెండోదాని చుట్టూ తిరిగి పదిహేను చుట్ల ఒత్తిడినీ వదిలించుకుంటుంది. వలయం మాత్రం వలయంగానే ఉంటుంది, కాకపోతే వదులుగా. దీన్నే ఓపెన్ సర్క్యులర్ లేదా నిక్డ్ అంటారు. రెండు పోగులూ దగ్గర దగ్గర చోట్ల తెగితే సరళం. మూడింటికీ బరువు ఒకటే, క్షారాల వరస ఒకటే. జెల్ రంధ్రాల్లోంచి దూరే తీరే వేరు: బిగుతుగా మెలిపడింది త్వరగా, సరళం మధ్యస్తంగా, వదులు వలయం అన్నిటికన్నా నిదానంగా.

కాబట్టి 4 కేబీ దగ్గరది నిక్డ్, 2.7ది సరళం, 2 దగ్గర వెలిగేది సూపర్‌కాయిల్డ్. ల్యాడర్ ముక్కలన్నీ సరళమైనవి గనక ల్యాడర్‌తో సైజు పోల్చడం కట్ చేసిన లేన్‌కే చెల్లుతుంది. కట్ చేయని లేన్‌లో "2 కేబీ" అని నోట్‌బుక్‌లో రాయకండి.

---

అగరోజ్_అన్న

కుండలి గారు చెప్పిన మూడూ పోగా మిగిలిన మూడింటి సంగతి నేను చెప్తాను. ఆ మూడూ ప్రెప్‌లో జరిగిన మూడు పొరపాట్లు, ఒక్కోదానికి ఒక్కో బ్యాండు.

బావి కింద మసక బ్యాండు. క్రోమోజోము డీఎన్‌ఏ ముక్కలు. వోర్టెక్స్ దీనికి కారణం. సొల్యూషన్ 2 పడ్డాక క్రోమోజోము పెద్ద చిక్కుముడిలా ఉంటుంది. దాన్ని అలాగే ఉండనిస్తే, సొల్యూషన్ 3 వేసినప్పుడు పొటాషియం డోడెసిల్ సల్ఫేటు తెల్లటి పెరుగు ముద్దలా విరిగి, ప్రోటీన్‌తో సహా క్రోమోజోముని కిందికి ఈడ్చుకుపోతుంది. వోర్టెక్స్ చేస్తే అది చిన్న ముక్కలై ఆ ముద్దకి చిక్కకుండా పై ద్రవంలో మిగిలిపోతుంది. ఎకోఆర్‌వన్ లేన్‌లో అది మాయమవడం కూడా సరిపోయింది. ఆ ముక్కల్లో కోత చోట్లు బోలెడు, కాబట్టి లేన్ పొడవునా పల్చగా పరుచుకుని కంటికి ఆనదు. మూతపెట్టి నాలుగు నుంచి ఆరుసార్లు నెమ్మదిగా తలకిందులు చేస్తే చాలు. గడ్డలు ఉన్నాయంటే పెల్లెట్‌ని సొల్యూషన్ 1లోనే సరిగ్గా కలపలేదని అర్థం. అక్కడ ఎంతసేపైనా వోర్టెక్స్ చేయండి, నష్టం లేదు, కణాలు ఇంకా పగల్లేదు.

సూపర్‌కాయిల్డ్ కింద మసక బ్యాండు. ఇదే అసలైన ఆధారం. పన్నెండు నిమిషాల క్షారం వల్ల వచ్చింది. పీహెచ్ 12 దాటితే జి, టి క్షారాలు ప్రోటాన్ పోగొట్టుకుని హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, రెండు పోగులూ వేరవుతాయి. ప్లాస్మిడ్ మాత్రం మూసిన వలయం గనక పోగులు ఒకదాన్నొకటి వదిలి పోలేవు. క్షారం తగ్గించగానే ఎవరి జత ఎదురుగానే ఉంటుంది కాబట్టి టక్కున అతుక్కుంటాయి. క్షారంలో మరీ ఎక్కువసేపు ఉంచితే రెండు వలయాలూ ఒకదాని మీద ఒకటి జారి వరస తప్పుతాయి. అప్పుడు సొల్యూషన్ 3 వేస్తే తప్పు జతలతో ముద్దగా కుంచించుకుపోతాయి. ముద్ద చిన్నది గనక సూపర్‌కాయిల్డ్ కన్నా ముందు పరిగెడుతుంది. సరైన ద్వికుండలి లేదు గనక ఎథిడియం సరిగ్గా పట్టదు, అందుకే మసక. ఎకోఆర్‌వన్ వెతికే జీఏఏటీటీసీ ద్వికుండలిగా లేదు గనక కోయదు, అందుకే రెండో లేన్‌లోనూ ఉంది. మీ లక్షణాలు మూడూ మూడే కలిశాయి.

సొల్యూషన్ 2లో ఉండాల్సింది గరిష్ఠంగా 5 నిమిషాలు. 12 ట్యూబులు ఒకేసారి పట్టుకోకండి, ఆరుకి మించొద్దు. లేదంటే ట్యూబు ట్యూబుకీ పది సెకన్ల తేడాతో 2 వేసి, అదే వరసలో, అదే తేడాతో 3 వేయండి.

అడుగున పొగ. ఆర్‌ఎన్‌ఏ. ఇది నానోడ్రాప్ చూసినా తెలిసిపోతుంది. 620ని 50తో గుణిస్తే 31 మైక్రోగ్రాములు. పీయూసీ లాంటి ఎక్కువ కాపీల ప్లాస్మిడ్ నుంచి కూడా 1.5 మి.లీ. కల్చర్‌కి 5 నుంచి 8 మైక్రోగ్రాములు వస్తే మంచి దిగుబడి. మిగతాదంతా ఏమిటి? 260 దగ్గర కాంతిని పీల్చేదల్లా డీఎన్‌ఏ కింద లెక్కేసేస్తుంది ఆ యంత్రం. పైగా శుద్ధ డీఎన్‌ఏకి 260/280 సుమారు 1.8, ఆర్‌ఎన్‌ఏకి 2.0. మీకు 2.03 వచ్చిందని సంతోషించే పని లేదు. ఈ రీడింగుని నమ్మి "ఒక మైక్రోగ్రాము" కట్ చేశామనుకుంటే నిజంగా అక్కడ ఉన్నది రెండొందల నానోగ్రాములో ఏమో.

సొల్యూషన్ 1లో మి.లీ.కి 100 మైక్రోగ్రాముల ఆర్‌ఎన్‌ఏస్ ఎ కలిపి 4 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. ఇప్పుడున్న ప్రెప్‌లో మి.లీ.కి 20 మైక్రోగ్రాములు ఉండేలా వేసి 37 దగ్గర అరగంట ఉంచితే పొగ పోతుంది. కానీ తెగిన న్యూక్లియోటైడ్లు ద్రావణంలోనే ఉంటాయి, 260 రీడింగు తగ్గదు సరికదా కాస్త పెరగొచ్చు కూడా. కాబట్టి ఆ తర్వాత కాలమ్ మీద గానీ మళ్లీ ఇథనాల్‌తో గానీ శుభ్రం చేసి కొలవండి. లేదా ద్విపోగు డీఎన్‌ఏకే అంటుకునే డై వాడే క్యూబిట్‌లో చూడండి. జారిపోయిన ఆ మసక బ్యాండుకి మాత్రం వైద్యం లేదు, మళ్లీ ప్రెప్ చేసుకోవడమే చౌక.

సొల్యూషన్ 2ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. 10 మి.లీ.కి: 10 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 200 మైక్రోలీటర్లు, 10 శాతం ఎస్‌డీఎస్ 1 మి.లీ., నీళ్లు 8.8 మి.లీ. ముందు నీళ్లలో క్షారం, తర్వాత ఎస్‌డీఎస్. పాత సీసాలో ఉన్నది గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి కార్బొనేటుగా మారి పీహెచ్ పడిపోతుంది, కణాలు సగం సగం పగులుతాయి. ఏసీ గదిలో ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుంటే వెచ్చబెట్టి కరిగించాకే వాడాలి. సొల్యూషన్ 3 అంటే 5 మోలార్ పొటాషియం అసిటేట్ 60 మి.లీ., గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 11.5, నీళ్లు 28.5. సోడియం అసిటేట్ వేస్తే ఆ పెరుగు ముద్ద సరిగ్గా రాదు. సోడియం డోడెసిల్ సల్ఫేటు నీళ్లలో కరుగుతుంది, పొటాషియంది కరగదు. మొత్తం కిటుకు అక్కడే ఉంది.

---

టీఈ_బఫర్

పైవాళ్లు చెప్పినదానికి రెండు చేర్పులు, ఒక అభ్యంతరం.

అభ్యంతరం ఇది: "సూపర్‌కాయిల్డ్ ముందు, సరళం మధ్య, నిక్డ్ వెనక" అన్న వరస సూత్రంలా బట్టీ పట్టకండి. అగరోజ్ శాతం, వోల్టేజి, బఫర్ ఉప్పు, ఎథిడియం మోతాదు మారితే సరళం, వలయం తారుమారు అవుతాయి. 1 శాతం జెల్, చిన్న ప్లాస్మిడ్, మామూలు వోల్టేజి అయితే ఆ వరస కరెక్టే. పెద్ద ప్లాస్మిడ్లకి మళ్లీ చూసుకోవాలి. నమ్మకంగా చెప్పాలంటే పక్క లేన్‌లో కట్ చేసింది పెట్టాలి, ఇంకో లేన్‌లో నికింగ్ ఎంజైముతో ఒక పోగు మాత్రమే తెంపింది పెట్టాలి. ఈ రెండూ ఉంటే వాదనే ఉండదు.

ఎథిడియం సంగతి. ఒక్కో ఎథిడియం అణువు క్షారాల మధ్య దూరి కుండలిని 26 డిగ్రీల మేర విప్పుతుంది. పదిహేను చుట్ల లోటు సరిపెట్టాలంటే 15 ఇంటూ 360 బై 26, అంటే దాదాపు 208 అణువులు, సుమారు 13 జతలకి ఒకటి. అంతవరకూ దూరితే ప్లాస్మిడ్ పూర్తిగా వదులవుతుంది, ఇంకా దూరితే ఎదురు దిక్కుకి మెలిపడుతుంది. మామూలు జెల్‌లో వేసే మోతాదుకి జరిగేది ఇదే. అందుకే మీరు చూసే "సూపర్‌కాయిల్డ్" బ్యాండు కణంలో ఉన్న రుణ మెలి కాదు, ఎథిడియం పెట్టిన ధన మెలి. ఎంజైముతో పాక్షికంగా వదులు చేసిన ప్లాస్మిడ్‌లో ఒక్కో చుట్టు తేడా మెట్లుమెట్లుగా చూడాలంటే ఎథిడియం లేకుండా నడిపి, తర్వాత రంగు వేయాలి.

రెండో చేర్పు. కట్ చేయని లేన్‌లో 4 కేబీ దగ్గరిది నిక్డ్ అన్నారు, ఇక్కడ అది నిజమే. కానీ కొన్ని హోస్టుల్లో రెండు ప్లాస్మిడ్లు తల తోక కలిసి డైమర్ అవుతాయి, సూపర్‌కాయిల్డ్ డైమర్ కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. డీహెచ్5ఆల్ఫాలో రెక్ఎ జన్యువు (డీఎన్‌ఏ అణువుల్ని ఇలా కలిపేది) చెడి ఉంటుంది గనక ఆ బాధ తక్కువ. రెక్ఎ బాగా ఉన్న హోస్టులో అయితే ఎకోఆర్‌వన్ కట్ కూడా దీన్ని పట్టివ్వదు. డైమర్‌ని కోసినా రెండు 2.7 ముక్కలే వస్తాయి కదా. నికింగ్ ఎంజైము లేన్‌లో రెండు వేర్వేరు నిక్డ్ బ్యాండ్లు కనబడితే డైమర్ ఉన్నట్టు.

ఇంకా, బీఎల్21 లాంటి హోస్టు నుంచి తీసిన ప్రెప్ రోజులు గడిచేకొద్దీ నిక్డ్‌గా, సరళంగా మారిపోతుంటే ఎండ్ఎ న్యూక్లియేజ్ (డీఎన్‌ఏని కోసే ఎంజైము) మిగిలిపోయిందని. డీహెచ్5ఆల్ఫాలో అది లేదు. ప్లాస్మిడ్ దాచుకోవడానికి మాత్రం హోస్టు ఎప్పుడూ అదే పెట్టుకోండి.

---

జీవరసాయనం_పీజీ

చాలా థాంక్స్ అండి, ఆరు బ్యాండ్లకీ లెక్క తేలింది. ఇంకో మాట. క్షారంలో ఆర్‌ఎన్‌ఏ విడిపోతుందని చదివాం. మరి సొల్యూషన్ 2లో అంత క్షారం ఉండగా ఆర్‌ఎన్‌ఏ ఎందుకు మిగిలింది? అలాగే ఎ, బి, జెడ్ రూపాలు జెల్‌లో కనబడకపోతే అసలు ఎక్కడ కనబడతాయి?

---

కుండలి

చదివింది నిజమే, కానీ సమయం చాలదు. ఆర్‌ఎన్‌ఏ చక్కెరకి 2 ప్రైమ్ దగ్గర హైడ్రాక్సిల్ ఉంది. క్షారం దాని ప్రోటాన్ లాగేస్తే అది పక్కనే ఉన్న ఫాస్ఫరస్ మీదికి దూకి 2,3 వలయ ఫాస్ఫేటుగా మారి గొలుసుని తెంపుతుంది. డీఎన్‌ఏకి అక్కడ వట్టి హైడ్రోజనే, దూకడానికి ఏమీ లేదు. కానీ పూర్తిగా న్యూక్లియోటైడ్లు అయ్యేదాకా తెగాలంటే 0.3 నార్మల్ క్షారంలో 37 దగ్గర రాత్రంతా ఉంచాలి. ఐదు పది నిమిషాల్లో గది ఉష్ణోగ్రతలో కొన్ని కోతలు మాత్రమే పడతాయి. అడుగున పొగలా పరుచుకోవడం అందుకే, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ తునకలు, టీ-ఆర్‌ఎన్‌ఏ అన్నీ కలిసి.

ఆ 2 ప్రైమ్ హైడ్రాక్సిలే రెండో ప్రశ్నకీ జవాబు. బి రూపంలో చక్కెర ఉంగరం 2 ప్రైమ్ కార్బన్ పైకి లేచి ఉండేలా మడతపడుతుంది. హైడ్రాక్సిల్ అక్కడ ఉంటే ఆ మడతకి చోటు చాలదు. అందుకే ద్విపోగు ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ-ఆర్‌ఎన్‌ఏ జంటలు ఎ రూపం పట్టుకుంటాయి. ఎ రూపం కణంలో లేనే లేదని రాస్తే మార్కులు పోతాయి. లిప్యంతరీకరణ జరిగే చోట ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ లోపల 8, 9 జతల పొడవున్న డీఎన్‌ఏ-ఆర్‌ఎన్‌ఏ జంట ఎప్పుడూ ఎ లాంటి రూపంలోనే ఉంటుంది.

కొలతలు: బి రూపం కుడి చేతి వాటం, జతకి జతకి ఎడం 0.34 నానోమీటర్లు, వ్యాసం 2 నానోమీటర్లు. ఎ కూడా కుడి వాటమే, చుట్టుకి 11 జతలు, ఎడం 0.26 దగ్గర, పొట్టిగా లావుగా, పెద్ద గాడి లోతుగా ఇరుగ్గా. జెడ్ ఎడమ వాటం, చుట్టుకి 12 జతలు, ఎడం 0.37, సన్నగా, వెన్ను జిగ్‌జాగ్‌గా నడుస్తుంది. రోజలిండ్ ఫ్రాంక్లిన్ తేమ మార్చి మార్చి ఎక్స్‌రే చిత్రాలు తీయబట్టే ఎ, బి రెండు వేరని తేలింది. 1952 మేలో ఆమె, రేమండ్ గోస్లింగ్ తీసిన 51వ ఫొటో తేమ ఎక్కువున్న బి రూపానిది. తేమ 75 శాతం దగ్గరికి దిగితే ఎ. జెడ్ రూపాన్ని 1979లో ఆండ్రూ వాంగ్, అలెగ్జాండర్ రిచ్ బృందం సీజీసీజీసీజీ అనే ఆరు న్యూక్లియోటైడ్ల స్ఫటికంలో చూసింది.

మీ బెంచి మీద కూడా ఎ రూపం ఒకసారి వచ్చి పోతుంది. ఇథనాల్ 80 శాతం దగ్గర డీఎన్‌ఏ నీళ్లు పోగొట్టుకుని ఎ వైపు మళ్లుతుంది, టీఈ వేయగానే బి అయిపోతుంది. మధ్యలో రూపం మారిందని తెలియాలంటే సర్క్యులర్ డైక్రోయిజం (మెలితిరిగిన కాంతి పీల్పుని బట్టి కుండలి ఆకారం చెప్పే పద్ధతి) కావాలి, జెల్‌తో కాదు. జెడ్‌కి మటుకు జి, సి ఒకటి విడిచి ఒకటి వచ్చే వరస కావాలి, పైగా మోలార్ల లెక్కన ఉప్పు గానీ రుణ సూపర్‌కాయిలింగ్ గానీ ఉండాలి. కణంలో అది రెండో దారినే వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ముందుకు దూసుకుపోతుంటే వెనక కుండలికి చుట్ల లోటు పడుతుంది. అనుకూలమైన వరస ఉన్న కాస్త ముక్క ఎడమకి తిరిగితే మిగతా డీఎన్‌ఏకి ఒత్తిడి తగ్గుతుంది. అంటే మీ పుస్తకాల్లో విడివిడిగా ఉన్న రెండు జాబితాలు ఇక్కడ కలుస్తున్నాయి.

---

హరితరేణువు

ఎక్కడ ఉంటుందన్న మూడో జాబితా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా.

కేంద్రకంలోది సరళం. 147 జతలు ఎనిమిది హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు) ముద్ద చుట్టూ సుమారు 1.65 చుట్లు, అదీ ఎడమ వాటంగా తిరుగుతాయి. కుండలి కుడి వాటం, చుట్టడం ఎడమ వాటం, ఈ రెండూ కలిపేసి రాయడం జవాబుపత్రాల్లో మహా మామూలు. సరళమైన డీఎన్‌ఏకి సూపర్‌కాయిలింగ్ ఉండదన్నదీ తప్పే. క్రోమోజోముకి చివర్లున్నా, లూపులుగా కట్టి పడేసి ఉంటుంది గనక మెలి చివరిదాకా పోయి జారిపోలేదు.

మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ 16,569 జతల వలయం, 37 జన్యువులు: 13 ప్రోటీన్లకి, 22 టీ-ఆర్‌ఎన్‌ఏలకి, 2 రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలకి. హిస్టోన్లు ఉండవు, టీఎఫ్ఏఎమ్ అనే ప్రోటీన్ దాన్ని సర్దిపెడుతుంది. వరి హరితరేణువుది 134,525 జతలు, 1989లోనే పూర్తి వరస వచ్చింది. బొమ్మల్లో గుండ్రంగా గీస్తారు గానీ ఆకు నుంచి జాగ్రత్తగా తీసి చూస్తే సరళంగా, కొమ్మలు కొమ్మలుగా కూడా బోలెడు కనబడుతుంది.

వలయం అంటే బ్యాక్టీరియా, సరళం అంటే మనం అన్న గీత కూడా నిలబడదు. లైమ్ వ్యాధి తెచ్చే బొరేలియాది సరళ క్రోమోజోము, చివర్లు జడపిన్నులా మడిచి అతికి ఉంటాయి. స్ట్రెప్టోమైసిస్‌దీ సరళమే. క్లామిడోమోనాస్ అనే ఆల్గా మైటోకాండ్రియాలో ఉన్నది సుమారు 15.8 కేబీ సరళ డీఎన్‌ఏ. ద్విపోగే కావాలనీ లేదు, ఫైఎక్స్174 ఫేజ్‌లో (బ్యాక్టీరియాకి సోకే వైరస్) ఉన్నది 5,386 న్యూక్లియోటైడ్ల ఒంటి పోగు వలయం. ఎ ఎంతో టి అంత అన్న చార్‌గాఫ్ లెక్క దానికి కుదరదు. పరీక్షలో క్షారాల శాతాలు ఇచ్చి "ఇది ఏ రకం డీఎన్‌ఏ" అని అడిగేది ఇలాంటివాటి కోసమే: ఎ, టి సమానంగా లేకపోతే ఒంటి పోగు అని రాయండి.

పరీక్ష గురించి అడిగారు కదా. ప్రశ్నలో "కణంలో" అన్న మాట ఉంటే ఉండే చోటుని బట్టి మొదలుపెట్టి, ఒక్కోదాని పక్కన వలయమా సరళమా, హిస్టోన్లు ఉన్నాయా లేవా రాయండి. "రూపాలు" లేదా "కాన్ఫర్మేషన్లు" అని ఉంటే ఎ, బి, జెడ్ పట్టిక గీయండి.

---

అగరోజ్_అన్న

మళ్లీ ప్రెప్ చేస్తారు కాబట్టి ఎకోఆర్‌వన్ రియాక్షన్ కొలతలు కూడా రాస్తున్నా, మీరు అది చెప్పలేదు. మొత్తం 20 మైక్రోలీటర్లు: 10ఎక్స్ బఫర్ 2, క్యూబిట్‌లో కొలిచిన డీఎన్‌ఏ 500 నానోగ్రాములు, ఎంజైము 10 యూనిట్లు, మిగతాది నీళ్లు. ఎంజైము చివర్లో వేయండి, 2 మైక్రోలీటర్లు దాటనివ్వకండి. అది 50 శాతం గ్లిజరాల్‌లో ఉంటుంది, రియాక్షన్‌లో గ్లిజరాల్ 5 శాతం దాటితే ఎకోఆర్‌వన్ తన వరస కాని చోట కూడా కోస్తుంది. అప్పుడు 2.7 కింద కొత్త బ్యాండ్లు వస్తాయి, ఇదే చర్చ మళ్లీ మొదటికొస్తుంది. కట్ చేయని లేన్‌కి కూడా అదే బఫర్, అదే 37 డిగ్రీలు, అదే గంట, ఎంజైము మాత్రం లేకుండా. లేకపోతే నిక్డ్ బ్యాండు పెరిగింది ప్రెప్ వల్లా, బఫర్‌లో కలిసిన న్యూక్లియేజ్ వల్లా అన్నది తేలదు.